ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ట్యాబ్‌లు: కీబోర్డ్ షార్ట్‌కట్‌లు

కంప్యూటర్‌లోని ఫైళ్లను, ఫోల్డర్లను తెరవడానికి, అమర్చుకోవడానికి తోడ్పడే ప్రోగ్రామును ఫైల్ మేనేజర్ అంటారు. విండోస్ 11లో ఈ పని చేసే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2022 అక్టోబరులో ట్యాబ్‌లను, అంటే ఒకే విండోలో పలు ఫోల్డర్లను తెరిచి ఉంచే సదుపాయాన్ని, జోడించింది.

విండోస్ కీతో 'ఇ'ని నొక్కితే ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. అందులో కంట్రోల్+టి కొత్త ట్యాబ్‌ను తెరవగా, కంట్రోల్+డబ్ల్యు ప్రస్తుత ట్యాబ్‌ను మూసివేస్తుంది. కంట్రోల్+ట్యాబ్ తర్వాతి ట్యాబ్‌కు, కంట్రోల్+షిఫ్ట్+ట్యాబ్ ముందరి ట్యాబ్‌కు తీసుకువెళతాయి. లినక్స్‌లో వాడే గ్నోమ్ ఫైల్స్‌లో ఇదే పనిని కంట్రోల్+పేజ్ డౌన్, కంట్రోల్+పేజ్ అప్ చేస్తాయి.

గుర్తుంచుకోవాల్సింది: ఆల్ట్+ట్యాబ్ మార్చేది తెరిచి ఉన్న విండోలను కాబట్టి, దానిని కంట్రోల్+ట్యాబ్‌గా పొరబడకూడదు.