మొక్కుకో, బేరం పెట్టకు

భీమవరం

చిరంజీవి సుధకు,

రాత్రి నువ్వడిగింది ఫోన్‌లో తేలే మాట కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. “ఇన్ని పూజలు చేసే అమ్మకే ఈ క్యాన్సర్ ఎందుకొచ్చింది పెద్దమ్మా? ఇక నేనెవర్ని నమ్మాలి?” అన్నావు. పక్కన మీ అమ్మ పడుకుందని గొంతు తగ్గించావు గానీ, కోపం బాగానే వినిపించింది. కోపం వస్తే రానీ. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి నిలదీశాడు, దెప్పాడు, మళ్ళీ ఆయన కాళ్ళే పట్టుకున్నాడు. ఆయన్ని మనం భక్తుడు కాదనలేదు కదా.

“ఎందుకు” అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. పూర్వజన్మ కర్మ అని పలకరించడానికి వచ్చినవాళ్ళెవరైనా మొదలుపెడితే, మొహమాటపడకుండా ఆ మాట అక్కడితో ఆపించు. అది మీ అమ్మ చెవిన పడకూడదు. పూజ తక్కువై వచ్చిన జబ్బు కాదిది. ఆవిడ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

స్కాన్ బాగా వస్తే కొండకి నడిచి వస్తానని మొక్కుకున్నావట. మంచిదే, మొక్కుకో. కానీ దాన్ని స్వామితో బేరంగా మార్చకు. రేపు స్కాన్ మనం అనుకున్నట్టు రాకపోతే, నా భక్తిలోనే లోపముందేమోనని నిన్ను నువ్వే తప్పుపట్టుకుంటావు. ఈ పూట చెయ్యాల్సిన పనికి ఓపిక ఇమ్మని అడుగు. ఆ పనులు చాలానే ఉన్నాయి.

కీమోలో ఆ ఎర్రమందు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగే గానీ నెత్తురు కాదని మీ అమ్మకి ముందే చెప్పు, హడలిపోతుంది. వారం పది రోజులకి తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 దాటితే, తెల్లారాక చూద్దాంలే అనుకోకు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళు. థర్మామీటరు దేవుడి గూట్లో కుంకుమభరిణ పక్కనే పెట్టుకో, వెతుక్కునే పని ఉండదు. ఆ రోజుల్లో గుడి రద్దీలోకి తీసుకెళ్ళొద్దు. పచ్చిపాల పంచామృతం ఎవరైనా తెస్తే కళ్ళకద్దుకుని పక్కన పెట్టమను. మావుళ్ళమ్మ తల్లికి కుంకుమపూజ ఇక్కడ నేను చేయిస్తాను. ఆకుపసరు ఇస్తామనేవాళ్ళు కూడా వస్తారు. డాక్టర్ని అడగందే ఏ పసరూ, ఏ పొడీ ఆవిడ నోట్లోకి పోకూడదు. కీమో మానేసి తాగమన్నవాణ్ణి గుమ్మం కూడా ఎక్కనివ్వకు.

ఇంకో మాట. దిండు మీద రాలిన జుట్టు ఏరి, కాగితంలో చుట్టి, బీరువాలో దాచిందన్నావు. అది చూసి “ధైర్యంగా ఉండమ్మా, మళ్ళీ వస్తుందిగా” అనేశావట. మళ్ళీ వచ్చే మాట నిజమే. కానీ పెళ్ళినాడు వేసిన పూలజడ గురించి మీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ముందు కాసేపు ఏడవనీ. జబ్బుతో వేగుతున్న మనిషి మన ఎదుట ధైర్యం కూడా నటించాల్సి వస్తే ఎంత బరువో ఆలోచించు. ఆవిడ “భయమేస్తోందే” అన్నప్పుడు “నాకూ వేస్తోందమ్మా” అని పక్కన కూచో. దానివల్ల నమ్మకమేమీ తరిగిపోదు.

ఆశ సంగతికొస్తే, మా ఊళ్ళోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొస్తారు. 1895లో పుట్టారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు తయారుచేసింది. అందులో అమినోప్టెరిన్ అనేదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా వచ్చిన పిల్లలకి ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. కొందరికి జబ్బు తగ్గింది. నెలలు తిరక్కుండానే తిరగబెట్టింది. సుబ్బారావుగారు ఆ ఏడాది ఆగస్టులోనే పోయారు. చేతికొచ్చిన ఫలితం అంతే. కానీ ఆ కుదురులోదే మెథోట్రెక్సేట్, దాన్ని క్యాన్సర్ వార్డుల్లో ఇప్పటికీ వాడుతున్నారు. ఆ పిల్లల జబ్బు ఈ రోజు, వైద్యం పూర్తిగా అందితే, ఎక్కువమందికి నయమవుతోంది. ఫలితం కంటికి కనపడకపోయినా చేతిలో పని వదలకపోవడమే నాకు తెలిసిన ఆశ. మీ అమ్మకి తప్పకుండా నయమవుతుందని నేను మాటివ్వలేను. నయం కావాలని కోరుకోవడం మాత్రం ఒక్క పూట కూడా మానను.

వచ్చే ఆదివారం బయల్దేరి వస్తున్నాను. తాలింపు వాసన పడట్లేదన్నావుగా, వంటింటి తలుపు వేసుకుని నీకూ నాన్నకూ నేను వండుతాను, ఆవిడకి మెత్తగా చారన్నం కలిపి పెడతాను. రాత్రుళ్ళు మీ అమ్మ దగ్గర నేను పడుకుంటాను, నువ్వు కంటినిండా నిద్రపో. ఈలోగా దేవుణ్ణి తిట్టాలనిపిస్తే తిట్టుకో, ఆయనకి అలవాటే. మాత్రల టైముకి మాత్రం అలారం పెట్టుకోవడం మరిచిపోకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ