ఎముకల్లో ఏముంది?

మనిషి ఒంట్లో మట్టి ఉంది అంటే నవ్వొస్తుంది. కాని అందులో నిజం ఉంది. నేలలో సున్నం ఉంది, ఇనుము ఉంది, భాస్వరం ఉంది. ఇవన్నీ మన ఒంట్లోనూ ఉన్నాయి. వీటినే ఖనిజాలు అంటారు.

ఇవి ఒంట్లోకి ఎలా వచ్చాయి? నేలలోంచి మొక్క తీసుకుంటుంది. మొక్క నుంచి గింజలోకి, ఆకులోకి వస్తాయి. మనం తింటాం. పశువు గడ్డి తింటే పాలలోకి వస్తాయి. ఆ పాలు మనం తాగుతాం. కట్టె కాలిపోయాక బూడిద మిగులుతుంది కదా! ఆ బూడిదలో ఉన్నవి చాలావరకు ఖనిజాలే.

ఎముకకు బలం

ఎముక గట్టిగా ఉండాలంటే ముఖ్యంగా రెండు ఖనిజాలు కావాలి. ఒకటి కాల్షియం. సున్నంలో ఉండేది ఇదే. రెండోది భాస్వరం. దీన్నే ఫాస్ఫరస్ అంటారు. భాస్వరం ఒంట్లో ఫాస్ఫేటు రూపంలో ఉంటుంది. కాల్షియం, ఫాస్ఫేటు కలిస్తేనే ఎముక గట్టిపడుతుంది. పళ్లూ అంతే.

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. సుమారు 700 గ్రాముల భాస్వరం ఉంటుంది. కాల్షియం నూటికి 99 పాళ్లు, భాస్వరం నూటికి 85 పాళ్లు ఎముకల్లో, పళ్లలోనే ఉంటాయి.

మిగతా భాస్వరం ఊరికే ఉండదు. కలుపు తీసినా, బిందె ఎత్తినా కండకు శక్తి కావాలి. తిన్న తిండిలోని శక్తిని కండకు అందించే పనిలో ఫాస్ఫేటు ఉంటుంది.

ఇంట్లో, పొలంలో భాస్వరం

అగ్గిపెట్టె పక్కన గరుకు పట్టీ ఉంటుంది. దాని మీద గీస్తేనే పుల్ల వెలుగుతుంది. ఆ పట్టీలో ఎర్ర భాస్వరం ఉంది.

పొలానికి వేసే డి.ఎ.పి. ఎరువులోనూ భాస్వరమే. 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరం పోషకం, 9 కిలోల నత్రజని ఉంటాయి. భాస్వరం పైరు వేళ్లకు బలం. ఈ ఎరువు ఫాస్ఫేటు రాయి నుంచి తయారవుతుంది. మన దేశంలో రాజస్థాన్‌లోని ఉదయపూర్ దగ్గర ఈ రాయి దొరుకుతుంది. కాని అది చాలదు. చాలా భాగం బయటి దేశాల నుంచి కొనాలి. పశువుల పెంటలో, ఎముకల పొడిలో కూడా భాస్వరం ఉంది. పెంటకుప్పను వృథా చేయకూడదు.

ఏం తినాలి?

భాస్వరం గింజల్లో, పప్పుల్లో, పాలలో, గుడ్లలో, చేపల్లో ఉంది. అందుకే దాని లోటు అందరికీ రాదు. కాల్షియం లోటే ఎక్కువ.

100 గ్రాముల బియ్యంలో కాల్షియం సుమారు 10 మిల్లీగ్రాములు. అదే 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు. రాగులను కొన్ని చోట్ల తైదలు అంటారు, కొన్ని చోట్ల చోళ్లు అంటారు. పేరు ఏదైనా బలం ఒకటే. నువ్వులు, మునగాకు, తోటకూర, పాలు, మజ్జిగ, ముల్లుతో నమిలి తినే చిన్న చేపలు కూడా మంచివే.

గింజలు తమలోని ఖనిజాలను గట్టిగా పట్టి ఉంచుతాయి. నానబెట్టి మొలక కట్టినా, పిండి పులియబెట్టినా ఆ పట్టు వదులుతుంది. ఒంటికి ఎండ కూడా తగలాలి. ఎండ వల్ల ఒంట్లో డి విటమిన్ తయారవుతుంది. అది ఉంటేనే కాల్షియం బాగా ఒంటబడుతుంది.

రక్తానికి ఇనుము

ఒక ఇంట్లో కోడలికి ఐదో నెల. నర్సమ్మ ఇచ్చిన ఎర్ర మాత్రలు గూట్లో అలాగే ఉన్నాయి.

"ఏమ్మా, మాత్రలు మింగుతున్నావా?" అని నర్సమ్మ అడిగింది. కోడలు తల వంచుకుంది.

అత్త అందుకుంది. "నేనే వద్దన్నానమ్మా. అవి మింగితే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందట. పైగా విరేచనం నల్లగా అవుతోంది."

"నలుపు ఇనుము వల్లే పెద్దమ్మా. మింగిందంతా ఒంటబడదు. మిగిలింది బయటికి పోతుంది. భయం లేదు. మాత్రలతో కాన్పు కష్టం కాదు. రక్తం లేకపోతేనే కష్టం. నీ కోడలికి రక్తం 8 ఉంది. 11 అయినా ఉండాలి. కాన్పులో ఇంకా రక్తం పోతే ఏం కాను?"

అత్త కాసేపు మాట్లాడలేదు. "నా రెండో కాన్పులో ఒళ్లంతా పాలిపోయింది. నెల రోజులు మంచం దిగలేదు. అప్పుడు ఎవరూ రక్తం చూడలేదు" అంది. తర్వాత కోడలితో, "అమ్మాయీ, ఆ మాత్రలు ఇట్లా తే" అంది.

"రేపు డాక్టరమ్మకు చూపిద్దాం. రోజుకు ఎన్ని మింగాలో చెబుతారు. కాల్షియం మాత్ర, ఇనుము మాత్ర ఒకేసారి మింగొద్దు. రెండు గంటలు ఎడం ఉండాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దు. ఇనుము ఒంటబట్టనివ్వదు. నిమ్మకాయ, ఉసిరికాయ తింటే బాగా ఒంటబడుతుంది" అని నర్సమ్మ చెప్పింది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది.

ఎక్కువైనా ముప్పే

ఖనిజం కావాలి. కాని మోతాదు మించకూడదు. నల్గొండ జిల్లాలో, ప్రకాశం జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు లేకపోతే 1.5 వరకే. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గార పడతాయి. ఎముకలు బిగుసుకుంటాయి. నడుం వంగిపోతుంది. వంగిన ఎముక మళ్లీ బాగుపడదు.

కాచినా ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మేలైన మార్గం నీళ్లు మార్చడం. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదుల నీళ్లను శుద్ధి చేసి ఇళ్లకు తెచ్చింది. నల్లా నీళ్లు వచ్చే చోట తాగడానికీ, వండడానికీ ఆ నీళ్లే వాడాలి. ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయించమని గ్రామసభలో అడగవచ్చు. అది మన హక్కు.

గుర్తు పెట్టుకోండి

వారంలో కొన్ని రోజులైనా రాగులు, ఆకుకూర వండాలి.
ఇంట్లో అందరితో పాటు ఆడవాళ్లూ సమంగా తినాలి.
కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల ఒంట్లో భాస్వరం పేరుకుంటుంది. వాళ్లు డాక్టరు చెప్పినట్టే తినాలి.

ఆలోచించి చెప్పండి

1. ఎముకకు బలం ఇచ్చే రెండు ఖనిజాలు ఏవి?
2. అత్త కోడలిని మాత్రలు ఎందుకు వద్దంది? తర్వాత ఎందుకు తెమ్మంది?
3. మీ ఊరి తాగునీటికి పరీక్ష జరిగిందా? ఎవరిని అడగాలి?
4. నిన్న మీ ఇంట్లో ఏం వండారో రాయండి. అందులో కాల్షియం ఉన్నవాటి కింద గీత గీయండి.