బాక్స్ మీద "1 ఎంఎస్" చూసి గేమింగ్ మానిటర్ కొనేస్తున్నారా? ముందు ప్యానెల్ సంగతి తెలుసుకోండి

మా తమ్ముడు కాకినాడలో బీటెక్ సెకండ్ ఇయర్ చదువుతున్నాడు. పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, మానిటర్‌కి నాన్న పదిహేను వేలు ఇస్తానన్నారు. సేల్ రేపటితో అయిపోతుంది. 27 అంగుళాలు, కర్వ్‌డ్, 165 హెర్ట్జ్, 1 ఎంఎస్. ఆర్డర్ పెట్టేయనా?"

లింక్ ఓపెన్ చేసి కిందకి స్క్రోల్ చేశాను. ప్యానెల్ టైప్ దగ్గర చిన్న అక్షరాల్లో "వీఏ" అని ఉంది. "ఆగరా, ఇప్పుడే పెట్టకు" అన్నాను.

ఎందుకంటే 2021లో నా ఫస్ట్ బోనస్‌తో నేను కొన్నదీ దాదాపు ఇదే. అదే సైజు, అదే కర్వ్, అదే 1 ఎంఎస్. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మొదటి రెండు రోజులు సూపర్ అనిపించింది. మూడో రోజు రాత్రి ఒక గేమ్‌లో చీకటి అడవిలో కెమెరా తిప్పుతుంటే చెట్ల వెనకాల నల్లటి మసి పూసినట్టు చారలు లాగుతున్నాయి. గ్రాఫిక్స్ కార్డ్ పాడైందేమో అనుకున్నా. డ్రైవర్లు తీసి మళ్ళీ వేశా, కేబుల్ మార్చా, రూమ్మేట్ పీసీకి పెట్టి చూశా. తేడా లేదు. అది ప్యానెల్ స్వభావం అని అర్థమయ్యేసరికి రిటర్న్ గడువు దాటిపోయింది.

అప్పుడు నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం లెక్క ఉంటుంది, భయపడకండి, ఒక్క భాగహారమే.

ముందు ఆ లెక్క

144 హెర్ట్జ్ అంటే స్క్రీన్ సెకనుకి 144 సార్లు కొత్త బొమ్మ చూపిస్తుంది. 1000 మిల్లీ సెకన్లని 144తో భాగిస్తే ఒక్కో బొమ్మకి దాదాపు 6.9 మిల్లీ సెకన్లు వస్తాయి. 60 హెర్ట్జ్ అయితే 16.7, 165 అయితే 6, 240 అయితే 4.2.

స్క్రీన్‌లోని ప్రతి పిక్సెల్ ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారడానికి కొంత టైమ్ తీసుకుంటుంది. అదే రెస్పాన్స్ టైమ్. 144 హెర్ట్జ్ మానిటర్‌లో పిక్సెల్ ఆ 6.9 మిల్లీ సెకన్లలోపు మారిపోవాలి. మారలేకపోతే? పాత బొమ్మ పూర్తిగా పోకముందే కొత్తది వచ్చి కూర్చుంటుంది. రెండూ కలిసిపోయి కనిపించే ఆ నీడనే గోస్టింగ్ అంటారు. అంటే 165 హెర్ట్జ్ అని రాసి ఉండి, పిక్సెల్ మారడానికి 20 మిల్లీ సెకన్లు పడుతుంటే, మీరు డబ్బులు పెట్టిన ఆ స్పీడ్‌లో సగానికి పైగా మీకు అందట్లేదు అన్నమాట.

"మరి 1 ఎంఎస్ అని రాశారు కదా?" తమ్ముడూ ఇదే అడిగాడు. ఆ 1 ఎంఎస్‌లో రెండు రకాలున్నాయి.

ఒకటి జీటూజీ, అంటే గ్రే టు గ్రే. ఒక బూడిద షేడ్ నుంచి ఇంకో షేడ్‌కి మారే టైమ్. దీన్ని మామూలుగా మార్పు 10 శాతం దగ్గర మొదలుపెట్టి 90 శాతం దగ్గర ఆపి కొలుస్తారు. అంటే మొదట్లో, చివర్లో నత్తనడక నడిచే భాగం లెక్కలోకే రాదు. పైగా పిక్సెల్ చేసే మార్పులు వందల రకాలు. వాటిలో బాగా ఫాస్ట్‌గా జరిగిన ఒక్కదాన్ని పట్టుకుని బాక్స్ మీద వేసుకోవచ్చు. పరీక్షలో ఆరు సబ్జెక్టులు రాసి, డ్రాయింగ్‌లో వచ్చిన 98 మాత్రమే ఇంట్లో చెప్పినట్టు.

రెండోది ఎంపీఆర్‌టీ. ఇది పిక్సెల్ ఎంత వేగంగా మారింది అన్నది కాదు, బొమ్మ కంటికి ఎంతసేపు కనిపించింది అన్నది. వెనకున్న లైట్‌ని ఫ్రేమ్‌కి ఒకసారి టక్కున వెలిగించి ఆర్పేస్తే ఈ నంబర్ తగ్గిపోతుంది. పిక్సెల్ మాత్రం ఎప్పటిలాగే నెమ్మదిగా మారుతుంటుంది. ఈ మోడ్ ఆన్ చేస్తే వెలుతురు బాగా తగ్గుతుంది, చాలా మానిటర్లలో ఫ్రీసింక్ కూడా ఆగిపోతుంది. నా పాత మానిటర్‌లో ఉన్న 1 ఎంఎస్ ఇదే. బాక్స్ మీద పెద్దగా నంబర్, పక్కన చిన్న స్టార్, కింద కంటికి కనపడని సైజులో "ఎంపీఆర్‌టీ". ఆన్ చేస్తే స్క్రీన్ మసకబారి, పగలు వాడటానికే పనికొచ్చేది కాదు.

టీఎన్, ఐపీఎస్, వీఏ: తేడా ఎక్కడ వస్తుంది?

మూడూ ఎల్‌సీడీలే. వెనక లైట్, మధ్యలో లిక్విడ్ క్రిస్టల్ అణువులు, ముందు కలర్ ఫిల్టర్. కరెంట్ పెట్టినప్పుడు ఆ అణువులు ఎటు తిరుగుతాయి అన్నదే తేడా.

టీఎన్‌లో మెలితిరిగి ఉంటాయి. ఫాస్ట్, చీప్. కానీ కొంచెం కింద నుంచి చూస్తే రంగులు తిరగబడిపోతాయి. ఒకప్పుడు ఈస్పోర్ట్స్ ఆడేవాళ్ళకి వేరే దారి లేక ఇదే వాడేవారు. ఇప్పుడు మన బడ్జెట్‌లో దీని గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

ఐపీఎస్‌లో అణువులు స్క్రీన్‌కి సమాంతరంగా పడుకునే పక్కకి తిరుగుతాయి. అందుకే ఏ కోణం నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. చాలాకాలం "ఐపీఎస్ అంటే స్లో" అనే మాట ఉండేది, అప్పట్లో అది నిజమే. 2019లో ఎల్‌జీ 27జీఎల్850 మోడల్‌ని 1 ఎంఎస్ జీటూజీ ఐపీఎస్ అంటూ తెచ్చాక పరిస్థితి మారింది. ఇప్పుడు "ఫాస్ట్ ఐపీఎస్" లాంటి పేర్లతో వచ్చే మంచి ప్యానెల్స్ నిజంగా కొలిస్తే సగటున 4 నుంచి 6 మిల్లీ సెకన్ల దగ్గర ఉంటాయి. బాక్స్ మీద చెప్పిన 1 కాదు, కానీ 144 హెర్ట్జ్‌కి కావాల్సిన 6.9లోపే ఉంది. మనకి కావాల్సింది అదే.

దీని బలహీనత నలుపు. కాంట్రాస్ట్ 1000:1 దగ్గర్లోనే ఉంటుంది. చీకటి గదిలో చూస్తే నలుపు కాస్త ముదురు బూడిదలా ఉంటుంది, మూలల్లో తెల్లటి మెరుపు కనిపిస్తుంది. దాన్ని ఐపీఎస్ గ్లో అంటారు. అది డిఫెక్ట్ కాదు, అందరికీ ఉంటుంది.

ఇక వీఏ. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే తక్కువ ధరలో పెద్ద స్క్రీన్, కర్వ్ అని కనిపించేవి ఎక్కువగా ఇవే.

కరెంట్ లేనప్పుడు వీఏలో అణువులు నిటారుగా నిలబడి ఉంటాయి. వెనక లైట్‌ని గట్టిగా అడ్డుకుంటాయి కాబట్టి నలుపు నిజంగా నలుపులా ఉంటుంది. కాంట్రాస్ట్ 3000:1, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. రాత్రిపూట సినిమా చూస్తే ఐపీఎస్ దీని ముందు వెలవెలపోతుంది. ఇందులో అబద్ధం లేదు.

సమస్య ఆ నలుపు నుంచి బయటకి రావడంలో ఉంది. నలుపు నుంచి తెలుపుకి వెళ్ళాలంటే పెద్ద వోల్టేజ్ పడుతుంది, అణువులు చటుక్కున వాలిపోతాయి. కానీ నలుపు నుంచి కొంచెం ముదురు బూడిదకి వెళ్ళాలంటే చిన్న వోల్టేజే ఇవ్వాలి. నిటారుగా నిలబడ్డ అణువుని మెల్లగా తోసినట్టు, కదలడానికి బద్ధకిస్తుంది. స్లో వీఏ ప్యానెల్స్‌లో ఈ ఒక్క మార్పుకే 20, 30 మిల్లీ సెకన్లు పైన పట్టొచ్చు. అంటే 144 హెర్ట్జ్‌లో మూడు నాలుగు ఫ్రేమ్‌ల పాటు పాత బొమ్మ అతుక్కునే ఉంటుంది. నా అడవి సీన్‌లో పూసిన మసి అదే. పగటి సీన్లలో ఇది ఎందుకు కనిపించలేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇంకో చిన్న విషయం. చల్లగా ఉంటే లిక్విడ్ క్రిస్టల్ ఇంకా చిక్కబడి ఇంకా స్లో అవుతుంది. మన దగ్గర పెద్దగా తెలియదు. అమెరికాలోనో కెనడాలోనో చలికాలం బేస్‌మెంట్‌లో పీసీ పెట్టుకున్న మనవాళ్ళకి మాత్రం ఆన్ చేసిన మొదటి కాసేపు స్మియరింగ్ ఎక్కువగా కనిపించొచ్చు.

అన్ని వీఏలూ ఇలాగే అనుకోకండి. 2020లో వచ్చిన సామ్‌సంగ్ ఒడిస్సీ జీ7 240 హెర్ట్జ్‌తో చాలా ఫాస్ట్ వీఏ. కానీ దాని ధర మా తమ్ముడి బడ్జెట్‌కి ఆమడ దూరం. పదిహేను వేలలో ఆ ప్యానెల్ వస్తుందని ఆశపడొద్దు.

ఓవర్‌డ్రైవ్: పెంచితే మంచిదే అనుకోకండి

సెట్టింగ్స్‌లో "రెస్పాన్స్ టైమ్" లేదా "ఓవర్‌డ్రైవ్" అని ఒకటి ఉంటుంది. నార్మల్, ఫాస్ట్, ఎక్స్‌ట్రీమ్, ఇలా. పిక్సెల్ తొందరగా కదలడానికి కావాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజ్ ఒక్క క్షణం ఇవ్వడమే ఇది. ఎక్కువైతే పిక్సెల్ గమ్యం దాటి వెళ్ళి వెనక్కి వస్తుంది. అప్పుడు కదిలే వస్తువు వెనకాల నీడకి బదులు తెల్లటి అంచు కనిపిస్తుంది. దీన్ని ఇన్వర్స్ గోస్టింగ్ అంటారు, నాకైతే మామూలు గోస్టింగ్ కంటే ఇదే ఎక్కువ చికాకు.

బాక్స్ మీది జీటూజీ నంబర్ తరచుగా ఈ ఎక్స్‌ట్రీమ్ మోడ్‌లో వచ్చిందే. మధ్య మోడ్‌లో పెట్టుకోండి. ఫ్రీసింక్ వాడుతూ ఎఫ్‌పీఎస్ 60, 70కి పడిపోతుంటే ఇంకో మెట్టు తగ్గించండి. 165కి సరిపోయేలా పెట్టిన తోపు 60కి చాలా ఎక్కువ అవుతుంది.

ఓలెడ్ ఉందిగా?

ఉంది. పిక్సెల్ తనే వెలుగుతుంది కాబట్టి 0.03 మిల్లీ సెకన్లు అని రాస్తారు, నలుపు అంటే పిక్సెల్ ఆరిపోవడమే. వీఏ నలుపు, టీఎన్ వేగం రెండూ ఒకేచోట. కానీ ధర ఒక మంచి ఫోన్ అంత, పైగా టాస్క్‌బార్ లాంటివి గంటలకొద్దీ అలాగే ఉంటే బర్న్ ఇన్ రిస్క్. నాలాగా పగలంతా కోడ్ ఎడిటర్ తెరిచి ఉంచేవాళ్ళు రెండుసార్లు ఆలోచించాలి.

ఒక మాట. పిక్సెల్ సున్నా టైమ్‌లో మారినా బ్లర్ పూర్తిగా పోదు. కంటి చూపు వస్తువుతో పాటు జరుగుతుంటుంది, స్క్రీన్ మాత్రం ఒక్కో ఫ్రేమ్‌ని కదలకుండా పట్టుకుని ఉంటుంది. సెకనుకి 960 పిక్సెళ్ళు కదిలే వస్తువు 60 హెర్ట్జ్‌లో 16 పిక్సెళ్ళంత మసకగా కనిపిస్తుంది, 240లో నాలుగే. అందుకే రిఫ్రెష్ రేట్, రెస్పాన్స్ టైమ్ రెండూ కలిస్తేనే పని జరుగుతుంది.

కొన్నాక ఇంట్లోనే టెస్ట్ చేయండి

రిటర్న్ గడువు ఉన్నప్పుడే చేయండి, నాలా కాకుండా. బ్లర్ బస్టర్స్ వాళ్ళ టెస్ట్‌యూఎఫ్‌ఓ సైట్ ఉచితం. అక్కడ ఎగిరే పళ్ళేన్ని చూపుతో వెంబడించండి, బ్యాక్‌గ్రౌండ్ రంగు నల్లగా, ముదురు బూడిదగా మార్చి చూడండి. ఇంకో పద్ధతి, మీ ఫోన్‌లో 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ ఉంటే దాంతో తీయండి. ఒక్కో ఫ్రేమ్ దాదాపు 4.2 మిల్లీ సెకన్లు. పాత బొమ్మ నీడ ఐదారు ఫ్రేమ్‌ల దాకా పోకపోతే 20 మిల్లీ సెకన్లు దాటినట్టే. ల్యాబ్ కొలత కాదు కానీ మోసపోయామో లేదో తెలుస్తుంది.

ఇంతకీ తమ్ముడు ఏం కొన్నాడు?

వాడిని మూడు ప్రశ్నలు అడిగాను. ఏం ఆడతావు? "వాలరెంట్, అప్పుడప్పుడు జీటీఏ 5." ల్యాప్‌టాప్‌లో ఏ కార్డు? "ఆర్‌టీఎక్స్ 3050." రూమ్‌లో లైట్ ఆర్పి ఆడతావా? "హాస్టల్ కదన్నా, నలుగురం, ట్యూబ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది."

అంతే, తేలిపోయింది. వాలరెంట్ తేలికైన గేమ్, ఆ కార్డుతో కూడా ఎఫ్‌పీఎస్ 144 దాటించొచ్చు, కాబట్టి వేగం వాడికి నిజంగా ఉపయోగపడుతుంది. ట్యూబ్‌లైట్ కింద వీఏ నలుపు గొప్పతనం ఎటూ సగం పోతుంది. 24 అంగుళాలు, 1080పీ, 165 హెర్ట్జ్, ఐపీఎస్ చాలు. 27లో 1080పీ అయితే అక్షరాలు కాస్త గరుకుగా కనిపిస్తాయి, అదీ ఒక కారణం. అదే వాడు రాత్రి లైట్లు ఆర్పి, కంట్రోలర్ పట్టుకుని ఎల్డెన్ రింగ్ లాంటివి ఆడే రకమైతే నా సలహా వేరేగా ఉండేది. పీసీలో అది 60 ఎఫ్‌పీఎస్ దాటదు, అక్కడ 165 హెర్ట్జ్ కంటే లోతైన నలుపు విలువైనది. కాస్త మసి కనిపించినా సర్దుకుపొమ్మని వీఏనే చెప్పేవాణ్ణి.

వాడికి 27 అంగుళాల మీద ఆశ చావలేదు, రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. చివరికి పన్నెండు వేల చిల్లరకి ఐపీఎస్ తీసుకున్నాడు, మిగిలిన డబ్బుతో మౌస్.

వచ్చిన రోజు సాయంత్రమే ఫోన్. "అన్నా, నువ్వు చెప్పినంత ఏం లేదు. పాత ల్యాప్‌టాప్ స్క్రీన్‌లాగే ఉంది." వీడియో కాల్‌లో చూశాను. విండోస్ సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. అక్కడ 60 హెర్ట్జ్ అని ఉంది. చాలామంది నెలల తరబడి ఇలాగే వాడేస్తుంటారు. 165కి మార్చుదామంటే లిస్టులో 120 దాకానే చూపిస్తోంది. పాత హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టాడు. మానిటర్‌తో పాటు డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వచ్చింది కానీ ల్యాప్‌టాప్‌కి ఆ పోర్ట్ లేదు, టైప్-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి మార్చే కేబుల్ తెప్పించుకోమన్నాను. మీ ల్యాప్‌టాప్ టైప్-సీ పోర్ట్ నుంచి డిస్‌ప్లే వస్తుందో లేదో ముందే చూసుకోండి, అన్నిట్లో రాదు. వాడిది అదృష్టం.

మూడు రోజుల తర్వాత రాత్రి మళ్ళీ ఫోన్ చేశాడు. రూమ్‌లో అందరూ ఊరెళ్ళారట, లైటు ఆర్పి ఆడుతున్నాడట. "అన్నా, కింద మూలన తెల్లగా మెరుస్తోంది, రిటర్న్ పెట్టేయనా?"

"అది గ్లో రా. లైటు వేసుకో."