తిరునాళ్ల బొమ్మ నోట్లోకి వెళ్లే ముందు

మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్లకు వెళ్తే బిడ్డకు బొమ్మ కొనకుండా ఇంటికి రాలేం. కొనండి, కాదనను. అయితే పళ్లొచ్చే వయసులో బొమ్మంటే కొరకడానికే. మెత్తగా, రబ్బరులా నొక్కుకుపోయే బొమ్మల దగ్గరే జాగ్రత్త పడాలి.

అవి చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్‌వి. పీవీసీ స్వతహాగా గట్టిది. మెత్తబరచడానికి థాలేట్లనే రసాయనాలు కలుపుతారు. ఇవి ప్లాస్టిక్‌లో ఊరికే కలిసి ఉంటాయే తప్ప దానికి అంటిపెట్టుకోవు. బిడ్డ చీకేకొద్దీ ఉమ్మిలోకి దిగుతాయి. వీటిలో కొన్ని హార్మోన్ల పనికి అడ్డం పడతాయి. మూడేళ్లలోపు పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల్లో ఐరోపా 1999లోనే వీటిని ఆపింది. మన దగ్గర 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తుకు కావలసిన ప్రమాణాల్లో థాలేట్ల పరీక్ష కూడా ఉంది.

ఘాటు వాసన కొట్టినా, చేతికి జిడ్డు తగిలినా ఆ బొమ్మ వద్దు. వాసన లేదు కదా అని మాత్రం నమ్మకండి, థాలేట్లకు వాసన దాదాపు ఉండదు. ఇంట్లో తేల్చుకునే చిట్కా ఏదీ లేదు, అది ప్రయోగశాల పని. మనం చేయగలిగిందల్లా ఐఎస్ఐ గుర్తు దగ్గరున్న సీఎం/ఎల్ నంబరును ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవడం. ఏటికొప్పాక లక్క బొమ్మల మీద ఆ గుర్తు కనబడకపోతే కంగారు పడొద్దు. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది.

పాలసీసాల గొడవ వేరు. అక్కడ భయం బిస్‌ఫినాల్-ఏ గురించి. పాలీకార్బనేట్ అనే గట్టి, గాజులాంటి ప్లాస్టిక్‌లో అది ఉంటుంది, వేడి తగిలితే ఎక్కువగా ఊరుతుంది. పాలసీసాల్లో దాన్ని వాడకూడదని 2015 నాటి మన ప్రమాణమే చెబుతోంది. అయినా 2019లో ఢిల్లీ సంస్థ టాక్సిక్స్ లింక్ బజారులో కొన్న సీసాలను పరీక్ష చేయిస్తే అది బయటపడింది. డబ్బాపాలు తప్పనిసరైతే వేడినీళ్లతో స్టీలు గిన్నెలో కలిపి, గోరువెచ్చగా ఆరాక సీసాలో పోయండి. గిద్దలూరు ఎండలో బైకు సంచిలో సీసా వదిలేయకండి. గీతలు పడినదాన్ని తీసేయండి. అసలు అవ్వ వాడిన ఉగ్గుగిన్నె ఉంటే సీసా ఎందుకు?

ఇంకొక మాట, మన మార్కాపురం, గిద్దలూరు వైపు పల్లెల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మరిగిస్తే అది పోదు, ఇంకా చిక్కబడుతుంది. బిడ్డ పాలకు శుద్ధి చేసిన నీళ్లే తెచ్చుకోండి.