పశువుల దాణాకు చేప ఎందుకు వస్తుంది?

ఆవుకు పెట్టే దాణాను చేప తింటుందా? తింటుంది. గాలం వేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. తవుడు, తెలగపిండి, వేరుసెనగ చెక్క కలిపి ముద్దచేసి గాలానికి పెట్టడం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. పశువుల దాణా గుళికల రూపంలో బస్తాల్లో వస్తున్నందువల్ల ఆ గుళికలనే గుప్పెడు తీసి నీటిలో చల్లేవారూ ఉన్నారు. గుళికలో ఉన్నవి కూడా ఇంచుమించు ఆ సరుకులే: తవుడు, నూనె తీసిన చెక్కలు, మొక్కజొన్న, కాస్త మొలాసిస్, ఉప్పు, ఖనిజ లవణాలు.

అయితే ఒక ప్రశ్న ఉంది. అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవనే తీసుకోండి. తాటిమొద్దులను తొలిచి, రెండేసి జతగా కట్టిన దోనెల మీద అక్కడి జాలరులు తిరుగుతారు. తామరాకులు, నీటిమొక్కలు దట్టంగా అల్లుకున్న నీరది. అలాంటి చోట అడుగున పడిన చిన్న గుళిక దూరానున్న చేప కంటికి ఆనదు. మరి దానికి కబురు ఎవరు చెప్పారు?

చెప్పింది నీరే. గుళిక తడవగానే అందులోని ఉప్పు, చక్కెర, మాంసకృత్తుల నుంచి విడివడిన అమైనో ఆమ్లాలు నీటిలో కరగడం మొదలవుతుంది. చేప ముక్కు మన ముక్కు వంటిది కాదు. దానికి గొంతుతో సంబంధం లేదు, ఊపిరితో పని లేదు. తలమీద రెండు చిన్న గుంటలు, వాటిలో మడతలు మడతలుగా పొర. ఒక రంధ్రంలోంచి నీరు లోపలికి వచ్చి మరో రంధ్రంలోంచి బయటికి పోతూ ఉంటుంది. ఆ పొరకు అమైనో ఆమ్లాలు అతి స్వల్పంగా తగిలినా చాలు. ఇక రుచి సంగతి మరీ వింత. బంగారుతీగ వంటి కార్పు చేపలకు రుచి మొగ్గలు నోటిలోనే కాదు, పెదవుల మీద, మీసాల మీద, చర్మం మీద కూడా ఉంటాయి. అంటే నోరు తెరవకుండానే రుచి చూడగలవు!

కరిగిన పదార్థం చేప దాకా ఎలా చేరుతుంది? వ్యాపనం వల్ల అని మీలో చాలామంది జవాబు రాస్తారు. కాగితం మీద లెక్క వేసి చూద్దాం. చక్కెర, అమైనో ఆమ్లం వంటి చిన్న అణువు కదలని నీటిలో కేవలం వ్యాపనం వల్ల ఒక సెంటీమీటరు పోవడానికి అర్ధదినం పైగా పడుతుంది. దూరం రెట్టింపయితే కాలం నాలుగింతలవుతుంది. ఈ లెక్కన ఒక మీటరు పోవడానికి 15 సంవత్సరాలు! అంతకాలం గాలం పట్టుకుని ఎవరు కూర్చుంటారు? కాబట్టి వాసనను మోసుకుపోయేది నీటి కదలిక. గాలి వీచినప్పుడు పైనీరు గాలి వెంట అవతలి గట్టుకు పోతుంది. దాని చోటు నింపడానికి అడుగునీరు ఎదురు తిరిగి వస్తుంది. అంటే అడుగున పడిన ఎర వాసన గాలికి ఎదురుగా పోతుందన్నమాట. అనుభవమున్న జాలరి గాలి చూసి చోటు ఎంచుకోవడంలో ఈ భౌతికశాస్త్రం ఉంది.

చప్పుడు కూడా పనిచేస్తుంది. కార్పు జాతి చేపల వాతాశయాన్ని, అదే గాలితిత్తిని, లోపలి చెవితో కలుపుతూ చిన్న ఎముకల గొలుసు ఒకటుంది. దీనిని 1820లో వర్ణించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు వెబర్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. నీటిలో గుళికలు పడిన టపటప శబ్దం ఈ చేపలకు చక్కగా వినిపిస్తుంది.

ఒకే ఎర అన్ని చేపలకూ సరిపోదు. బొచ్చె నీటి పైభాగంలో మేసేది, దానికి మీసాలే లేవు. సన్నని ప్రాణులను నీటితోపాటు పీల్చి వడకట్టుకుంటుంది కనుక దానికి పొగలా తేలే తవుడు నచ్చుతుంది. శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. నాలుగు మీసాల బంగారుతీగ బురదను కెలికి తినేది. మునిగి అడుగు చేరే గుళిక ముఖ్యంగా దాని కోసమే అనుకోవచ్చు. (ఈ బంగారుతీగ మన దేశపు చేప కాదు. 1939లో సింహళం నుంచి నీలగిరులకు ఒక రకాన్ని, 1957లో బాంకాక్ నుంచి కటక్‌కు మరో రకాన్ని తెచ్చారు.) కార్పు చేపల దవడలకు పళ్ళు లేవు. పళ్ళు గొంతులో ఉంటాయి. గట్టి గుళికను అక్కడ నలుపుతాయి. ఇంకొక విశేషం, వాటికి జీర్ణాశయం లేదు! ఒకేసారి మెక్కి దాచుకునే సంచి లేదు కాబట్టి, కొంచెం కొంచెంగా రోజంతా వెతుక్కుంటూనే ఉంటాయి. ఎరకు సులువుగా లొంగడానికి ఇదీ ఒక కారణమే.

పశువుల గుళిక నీటికోసం చేసింది కాదని మరువకండి. పిండిని ఆవిరితో వేడిచేసి కంతల పళ్ళెంలోంచి ఒత్తుతారు, పిండిపదార్థం ఉడికి జిగురై పట్టి ఉంచుతుంది. ఆవు నమలడానికి అంతమాత్రపు పట్టు చాలు. నీటిలో కాసేపటికే విచ్చిపోతుంది. అందుకే చల్లడానికి పనికివచ్చినంతగా గాలానికి పనికిరాదు. నానబెట్టి, గోధుమపిండి కలిపి పిసికి ముద్దచేస్తే నిలుస్తుంది. కొన్ని దాణాల్లో యూరియా కూడా కలుపుతారు. ఆవు పెద్దకడుపులోని సూక్ష్మజీవులు యూరియా నుంచి మాంసకృత్తులు తయారు చేసుకోగలవు. చేపకు ఆ సౌకర్యం లేదు. నీటిలో అది అమ్మోనియాగా మారుతుంది, అది చేపకు విషం.

ఇక తినగా మిగిలిన గుళికల మాట. నీటిలో అవి కుళ్ళుతాయి, కుళ్ళడానికి ఆక్సిజన్ కావాలి. ఒక కిలో పిండిపదార్థం పూర్తిగా ఆక్సీకరణం చెందడానికి సుమారు 1.2 కిలోల ఆక్సిజన్ అవసరం. మన వేసవి నీటిలో, 30 డిగ్రీల దగ్గర, లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ కరగదు. భాగించి చూడండి: 1,50,000 లీటర్లకు పైబడిన నీటిలోని ఆక్సిజన్ అంతా ఆ ఒక్క కిలోకే సరి! పగలు మొక్కలు, పైనుంచి గాలి కొంత పూరిస్తాయి, నిజమే. కాని రాత్రివేళ మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చేవే. కొండకర్ల ఆవ వంటి, మొక్కలు నిండిన లోతు తక్కువ నీటిలో తెల్లవారుజాము గడ్డుకాలం. చేపలు పైకివచ్చి నోళ్ళు తెరుస్తుంటే అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. పైగా దాణాలోని భాస్వరం అక్కడే ఉండిపోయి మరిన్ని నీటిమొక్కలను పెంచుతుంది.

ఇదే మేతను లెక్కగా పెట్టే ఉపాయం మన రాష్ట్రంలోనే ఉంది. కొల్లేరు ప్రాంతపు చేపల చెరువుల్లో తవుడు, చెక్క కలిపి, అడుగున కంతలు చేసిన సంచుల్లో నింపి వెదురు గెడలకు కడతారు. చేపలు అలవాటుపడి వచ్చి కంతల్లోంచి లాక్కుని తింటాయి. సంచిలో మిగిలింది చూసి మరునాటి మేత తగ్గిస్తారు. గుప్పిళ్ళతో చల్లేవాడికి మిగిలింది ఎంతో కనబడదు. చల్లక తప్పదనుకుంటే గుప్పెడు చల్లి, అది తిన్నాకే మరో గుప్పెడు వేయాలి.

ఇదంతా బడిలోనే చూడవచ్చు. ఒకే కొలత గల రెండు గాజు సీసాల నిండా చెరువునీరు పోయండి. ఒకదానిలో దాణా గుళిక పొడిచేసి వేయండి. రెండింటిలోనూ నీరు లేత నీలం అయ్యేంత వరకే మెథిలీన్ బ్లూ చుక్కలు వేసి, గాలి బుడగ లేకుండా బిరడా బిగించి, చీకటి అలమరాలో పెట్టండి. పూటకొకసారి చూసి, ఏ సీసాలో నీలం ముందు పోయిందో, ఎన్ని గంటల్లో పోయిందో రాసుకోండి. తరువాత రంగు పోయిన సీసాలోంచి సగం నీరు పారబోసి, మూతపెట్టి గట్టిగా కుదపండి. నీలం మళ్ళీ వస్తుంది. ఎందుకు వచ్చిందో మీరే చెప్పగలరు.