పసుపు ఉడికించే ఆవిరి బాయిలర్లలో నీటి నష్టం: కారణాల గుర్తింపు, నివారణ

తెలంగాణలోని నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ జిల్లాలలోను, ఆంధ్రప్రదేశ్‌లోని దుగ్గిరాల, కడప ప్రాంతాలలోను పసుపు తవ్వకం ముగిసిన వెంటనే కొమ్ములను, దుంపలను ఉడికించడం ఆనవాయితీ. నీటితో నింపిన ఇనుప కడాయిల స్థానంలో ఇటీవలి కాలంలో కట్టెలతో మండే ఆవిరి బాయిలర్లు విరివిగా వాడుకలోకి వచ్చాయి. పొలం గట్టున, ఆరుబయట పనిచేసే ఈ బాయిలర్లలో తరచుగా ఎదురయ్యే సమస్య, నింపిన నీరు అంచనా కంటే ముందే తరిగిపోవడం. ఉడుకు మధ్యలో ఆవిరి ఆగితే కొమ్ములు ఒకే తీరుగా ఉడకవు. ఎండిన తరువాత వాటి రంగు, నాణ్యత దెబ్బతింటాయి. అంతకంటే ముఖ్యంగా, నీరు తగ్గిన బాయిలర్ కింద మంట కొనసాగితే లోహం కాలి మెత్తబడి ప్రాణాపాయం కలుగుతుంది. కావున నీరు ఎక్కడికి పోతున్నదో క్రమపద్ధతిలో తెలుసుకోవడం అవసరం.

సహజ వినియోగం ఎంత?

ఆవిరిగా మారి పసుపును ఉడికించే నీరు నష్టం కాదు. పచ్చి పసుపును సుమారు 30 డిగ్రీల సెల్సియస్ నుంచి 100 డిగ్రీలకు వేడిచేయడానికి క్వింటాలుకు దాదాపు 11 కిలోల ఆవిరి సరిపోతుంది. దీనికి డ్రమ్ములు, గొట్టాలు వేడెక్కడానికి, కొంత ఆవిరి బయటకు పోవడానికి అయ్యే ఖర్చును కలుపుకోవాలి. ఉదాహరణకు 10 క్వింటాళ్లు ఉడికించడానికి లెక్క ప్రకారం కావలసినది 110 లీటర్లు. వాస్తవంలో 150 లేదా 200 లీటర్లు ఖర్చయితే అర్థం చేసుకోవచ్చు; 400 లీటర్లు ఖర్చయితే కారణం వెతకాలి. బాయిలర్ మంచి స్థితిలో ఉన్నప్పుడే క్వింటాలుకు ఎన్ని లీటర్లు పట్టినదీ రాసి ఉంచుకుంటే, తరువాతి సీజన్లలో పోల్చుకోవడానికి అదే కొలబద్ద అవుతుంది.

కొలతలో దొర్లే పొరపాట్లు

నీరు 100 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు చల్లారితే దాని ఘనపరిమాణం దాదాపు 4 శాతం తగ్గుతుంది. 500 లీటర్ల బాయిలర్‌లో సాయంత్రం వేడిగా ఉన్నప్పుడు చూసిన మట్టం ఉదయానికి సుమారు 20 లీటర్ల మేర తగ్గినట్లు కనిపించడానికి ఇదే కారణం. కాబట్టి నీటిమట్టాన్ని ఎప్పుడూ ఒకే ఉష్ణోగ్రత వద్ద, వీలైతే చల్లారిన స్థితిలో పోల్చాలి.

రెండవది, పొయ్యిలో కనిపించే తడి. కిలో ఎండు కట్టె మండినప్పుడు సుమారు అర లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. పచ్చి కట్టెలో తేమ అదనం. మంట వేసిన తొలి నిమిషాలలో ఈ ఆవిరి చల్లని లోహానికి తగిలి చుక్కలుగా జారుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ ఈ చెమ్మ ఆగిపోతే అది కారుడు కాదు. నీరు మరిగిన తరువాత కూడా బూడిద తడిగా ఉండి, పొయ్యిలో బుసబుస శబ్దం వినిపిస్తే గొట్టంలోనో, అతుకులోనో పగులు ఉన్నట్లు అనుమానించాలి.

పరీక్షా క్రమం

1. చల్లని పరీక్ష: మంట లేకుండా బాయిలర్‌ను నింపి, వాల్వులన్నీ మూసి, మట్టాన్ని గుర్తుపెట్టి ఒక రాత్రి ఉంచాలి. మట్టం తగ్గితే కింది తూము వాల్వు, గేజి గ్లాసు బిగింపులు, వెల్డింగ్ అతుకులు వరుసగా తుడిచి చూడాలి. తూము వాల్వులో ఒండ్రు ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు.

2. నష్ట పరిమాణం: సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు పోయేది సుమారు 4 లీటర్లే. ఉడుకుకు 200 లీటర్లు తరుగుతున్నప్పుడు ఒక్క చుక్క కారుడును సరిచేసి ఊరుకోరాదు. అసలు దారి మరొకటి ఉంటుంది.

3. వేడి పరీక్ష: చల్లని పరీక్షలో మట్టం నిలిచినా వేడెక్కినప్పుడు అతుకులు విచ్చుకోవచ్చు. పని జరుగుతుండగా సేఫ్టీ వాల్వు, గొట్టాల కీళ్లు, డ్రమ్ము మూతలను సురక్షిత దూరం నుంచి గమనించాలి. ఆవిరిని చేతితో తడిమి వెతకరాదు.

4. ఆవిరితోపాటు నీరు కొట్టుకుపోవడం: బాయిలర్‌ను అతిగా నింపినా, లోపలి నీరు మురికిగా, ఉప్పుగా మారి నురగ కట్టినా నీటి తుంపరలు డ్రమ్ములలోకి చేరతాయి. ఎక్కడా కారుడు లేకుండా మట్టం పడిపోవడం, ఆవిరి గొట్టంలో ఢమఢమ శబ్దాలు రావడం దీని లక్షణాలు.

5. పని విధానం: డ్రమ్ములు నింపేటప్పుడు, దించేటప్పుడు ఆవిరి వృథాగా పోనివ్వరాదు. పుల్ల గుచ్చితే సులువుగా దిగినప్పుడు ఆ డ్రమ్ముకు ఆవిరి ఆపి మరొకదానికి మళ్లించాలి.

నివారణ

బోరు నీటిలో కఠినత్వం ఎక్కువగా ఉన్నచోట గొట్టాలపై సున్నపు పొర పేరుకుంటుంది. ఆ పొర వెనుక లోహం అధికంగా వేడెక్కి పగులుతుంది. ఒండ్రు నీటిని తయారీదారు సూచించిన విధంగా క్రమంగా బయటకు వదలాలి. సీజన్ ముగిశాక తడి బూడిదను పూర్తిగా తీసివేయాలి. అది ఇనుమును తుప్పు పట్టిస్తుంది. ఆవిరి నేరుగా ఆహార పదార్థానికి తగులుతుంది కనుక వాహనాల రేడియేటర్లకు వాడే కారుడు నిరోధక మందులను ఇందులో వాడరాదు. ఒత్తిడితో పనిచేసే భాగాల వెల్డింగ్‌ను అర్హత గలవారితోనే చేయించాలి. సేఫ్టీ వాల్వు ఆవిరి వదులుతున్నదని దానిని బిగించడం, మూసివేయడం అత్యంత ప్రమాదకరం.

గేజి గ్లాసులో నీరు కనిపించకపోతే వెంటనే చల్లని నీరు పోయరాదు. కాలిన లోహానికి నీరు తగిలి ఒక్కసారిగా ఆవిరై బాయిలర్ పేలవచ్చు. మనుషులను దూరంగా పంపి, గాలి రాకను, కట్టెలను ఆపి, పూర్తిగా చల్లారిన తరువాతనే పరిశీలించాలి.

నీటి పొదుపు ఇంధన పొదుపు కూడా. బాయిలర్ సామర్థ్యం 40 శాతంగా తీసుకుంటే, వృథా అయ్యే ప్రతి 100 లీటర్ల ఆవిరికి సుమారు 40 కిలోల ఎండు కట్టెలు ఖర్చవుతాయి. ప్రతి ఉడుకుకు పోసిన నీరు, ఉడికించిన పసుపు, కాల్చిన కట్టెల తూకం నమోదు చేసే రైతు, లోపం పెద్దది కాకముందే దానిని గుర్తించగలుగుతాడు.