కూరగాయల మడికి నత్రజని: బస్తాల లెక్క కాదు, రకం లెక్క

సంఘాల తనిఖీకి పల్లెలకు వెళ్ళినప్పుడు పాల పుస్తకాలు చూసిన తరువాత సభ్యుల కూరగాయల మళ్ళు కూడా చూసి రావడం నాకు అలవాటు. మన వరంగల్ ప్రాంతంలో రెండు బర్రెలున్న ఇంటికి బావి కింద నాలుగైదు గుంటల టమాట, వంగ, బెండ, ఆకుకూర ఉండటం మామూలే.

ఒక ఊరిలో సభ్యుని టమాట మడి నడుమెత్తు పెరిగి నల్లగా నిగనిగలాడుతున్నది. పూత రాలిపోతున్నది, కాయ లేదు. "ఎరువు ఎంత వేశావు?" అని అడిగితే, "పక్కాయన ఎన్ని బస్తాలేస్తే నేను గూడ అన్నే ఏసిన సారూ" అన్నాడు. పక్కాయన వేసినది అమ్మోనియం సల్ఫేటు, ఇతను వేసినది యూరియా!

యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని ఉంటుంది. అమ్మోనియం సల్ఫేటులో 20.5 పాళ్ళే. కాల్షియం అమ్మోనియం నైట్రేటులో సుమారు 25. యూరియా బస్తా 2018 నుండి 45 కిలోలు అయినది. ఆ లెక్కన 3 బస్తాల యూరియాలో 62 కిలోల నత్రజని ఉంటే, అంత నత్రజనికి 50 కిలోల అమ్మోనియం సల్ఫేటు బస్తాలు 6 కావలెను. బస్తాకు బస్తా వేస్తే రెట్టింపు పడినట్లే. ఎక్కువైన నత్రజని ఆకును పెంచుతుంది, కాపును ఆలస్యం చేస్తుంది, పేనుబంకను, పచ్చదోమను పిలుస్తుంది. కాయ కూడా మెత్తబడి నిలువ ఉండదు.

యూరియా నేలలో తేమ తగిలిన కొద్ది రోజులకే అమ్మోనియాగా, ఆ తరువాత నైట్రేటుగా మారుతుంది. మట్టిపై చల్లి వదిలేస్తే కొంత గాలిలో కలిసిపోతుంది. నైట్రేటు మట్టిని పట్టుకొని ఉండదు. చల్కా నేలల్లో నీరు ఎక్కువ పెడితే వేళ్ళ కిందికి దిగిపోతుంది. 2015 నుండి మన దేశపు యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి అయినది. ఆ పూత ఈ మార్పును నెమ్మది చేస్తుందే గాని నష్టాన్ని పూర్తిగా ఆపదు. కనుక మొత్తం ఒకేసారి వేయక, మూడు దఫాలుగా మొక్కకు జానెడు దూరంలో వేసి, మట్టి కప్పి, తేలికగా తడి ఇవ్వవలెను.

అమ్మోనియం సల్ఫేటులో గంధకం కూడా ఉన్నది. ఉల్లి, వెల్లుల్లి, మిరప, క్యాబేజీలకు అది మేలు. అయితే ఏటేటా అదే వేస్తే చల్కా నేల పులుస్తుంది. కాల్షియం అమ్మోనియం నైట్రేటులో సగం నత్రజని నైట్రేటు రూపంలోనే ఉండటం వల్ల పాలిపోయిన పైరు త్వరగా తేరుకుంటుంది. చిక్కుడు, బొబ్బర్లకు వేరు బుడిపెలే నత్రజని సమకూరుస్తాయి; వాటికి ఎక్కువ వేయడం డబ్బు పారవేయడమే.

ఇక మన కొట్టంలో ఉన్న నత్రజని సంగతి. బర్రె మూత్రంలో పేడలో కన్నా ఎక్కువ నత్రజని ఉంటుంది. దానిని కాలువలోకి వదిలి యూరియా కొనుక్కోవడం నాకు ఎన్నటికీ అర్థం కాదు. కొట్టంలో చెత్త, గడ్డి పరచి మూత్రాన్ని పీల్చనిచ్చి పెంటకుప్పలో వేసి, ఎండకు ఎండకుండా మట్టి కప్పవలెను. పెంట బాగా పడిన మడికి యూరియా తగ్గించవచ్చు.

చివరిది, పాడి మనుషులుగా అన్నిటికన్నా ముందు చూడవలసినది. యూరియా బస్తా కడిగిన నీళ్ళు తొట్టిలో కలిసి చూలు బర్రె ఒకటి రెండు గంటల్లో చనిపోయిన ఇంటికి నేను వెళ్ళాను. ఖాళీ సంచి కూడా కొట్టం దగ్గర ఉండరాదు. ఎరువు ఎక్కువ వేసిన తోటకూర, వానలేక వడలిన జొన్న కూడా నైట్రేటు కూడబెట్టుకుంటాయి. అమ్ముడుపోని కట్టలను కుప్పగా బర్రె ముందు వేయకండి. యూరియా తిన్న పశువుకు కడుపు ఉబ్బి, నురగ కారి, వణుకు పుడుతుంది. వెంటనే పశువైద్యునికి కబురు పంపండి. ఆలోగా పశువు నిలబడి మింగగలిగితేనే, వెనిగర్ కలిపిన చల్లని నీళ్ళు మెల్లగా తాగించండి. పడిపోయిన పశువుకు నోట ఏదీ పోయరాదు.